ముందు ఆకాశం... తర్వాతే ముఖం!

కృష్ణ ఒడ్డున కొత్త జంట. వెనక ప్రకాశం బ్యారేజీ, దాని పైన కుంకుమ రంగు ఆకాశం. కంటికి అంత అందంగా కనిపించిన దృశ్యం ఫోటోలోకి వచ్చేసరికి ఏమైపోతోంది? ఆకాశం బాగుంటే ముఖాలు నల్లబడుతున్నాయి. ముఖాలు బాగుంటే ఆకాశం మాయమైపోతోంది. రెండూ కావాలంటే... ఎండకీ ఫ్లాష్‌కీ సంధి కుదర్చాల్సిందే!

ఇంట్లో పెళ్లి ఆల్బమ్‌ ఉంటుంది కదా, ఓసారి తీయండి. అందులో ఆరుబయట తీసిన ఫోటోలు చూడండి. చాలావరకు అవి రెండే రకాలు. మొదటి రకంలో వధూవరుల ముఖాలు సున్నం వేసిన గోడల్లా తెల్లగా మెరిసిపోతుంటాయి. వెనకంతా చీకటి. అది పున్నమి ఘాటో, కల్యాణ మండపం వెనక సందో పెళ్లికి వెళ్లినవాళ్లు చెబితే తప్ప తెలియదు. రెండో రకంలో సూర్యాస్తమయం బ్రహ్మాండంగా ఉంటుంది. ముందు నిలబడినవాళ్లు మాత్రం తెర మీద నీడలే. ఎవరు అక్కో, ఎవరు వదినో పోల్చుకోవాలంటే చీర అంచు చూడాల్సిందే.

తప్పు కెమెరాది కాదు. మన కన్ను మహా తెలివైంది. ఆకాశాన్ని చూసేటప్పుడు ఒకలా, నీడలో ఉన్న ముఖాన్ని చూసేటప్పుడు మరోలా క్షణాల్లో సర్దుకుంటుంది. ఆ రెండింటినీ మెదడు కలిపి ఒకే బొమ్మగా చూపిస్తుంది. కెమెరాకి ఆ సదుపాయం తక్కువ. ఆకాశానికి సరిపడా వెలుతురు తీసుకుంటే ముఖానికి చాలదు. ముఖానికి సరిపడా తీసుకుంటే ఆకాశం తెల్లకాగితమే. ఆ తేడాని పూడ్చడానికే ఆరుబయట ఫ్లాష్‌. చీకట్లో వాడే ఫ్లాష్‌ని పట్టపగలు వాడటమేమిటని నవ్వుకునే రోజులు ఎప్పుడో పోయాయి. దాని అసలు పనితనం తెలిసేది పగలే!

నడినెత్తిన సూర్యుడు

బెజవాడ ఎండల గురించి బెజవాడ వాళ్లకి చెప్పక్కర్లేదు. కానీ ఫోటోల సంగతికొస్తే ఆ వేడి కంటే ఎండ పడే కోణం ఎక్కువ ఇబ్బంది పెడుతుంది. విజయవాడ భూమధ్యరేఖకి ఉత్తరంగా పదహారున్నర డిగ్రీల దగ్గర ఉంది. అందువల్ల ఏడాదికి రెండుసార్లు మిట్టమధ్యాహ్నం సూర్యుడు ఇక్కడ సరిగ్గా నడినెత్తికి వస్తాడు. మొదటిసారి మే మొదటి వారంలో, రెండోసారి ఆగస్టు మొదటి వారంలో. ఆ రోజుల్లో నిట్టనిలువు స్తంభానికి నీడే కనిపించదు.

ఇప్పుడు పంచాంగం తిరగేయండి. వైశాఖ, జ్యేష్ఠ మాసాల పెళ్లిళ్లన్నీ దాదాపు ఆ మొదటి కాలంలోనే. శ్రావణ మాసం పెళ్లిళ్లు రెండో కాలానికి దగ్గర్లో. అంటే పెళ్లిళ్లు జోరుగా జరిగే రోజుల్లోనే ఎండ నిలువునా కురుస్తుందన్నమాట! అలాంటి ఎండలో నుదురు, ముక్కు, బుగ్గల పైభాగం మెరుస్తాయి. కళ్లు మాత్రం గుంటల్లో పడిపోతాయి. గడ్డం కింద నల్లని నీడ. వారం రోజులు నిద్రలేనట్టు కనిపిస్తుంది పెళ్లికూతురు. పైగా కళ్లు చికిలించకుండా నిలబడటం ఎవరి తరం?

శీతాకాలంలో పరిస్థితి కాస్త నయం. డిసెంబరులో సూర్యుడు దక్షిణానికి వాలి ఉంటాడు. మధ్యాహ్నం కూడా ఎండ కొంచెం పక్కనుంచి పడుతుంది. సాయంత్రం ఐదున్నర దాటాక కాసేపటికే నైరుతి దిక్కున అస్తమిస్తాడు. అదే మే నెలలో ఆరున్నర దాకా ఉండి, పడమరకి కాస్త వాయవ్యంగా దిగుతాడు. జనవరిలో అద్భుతమైన ఫోటో వచ్చిన మెట్టు మీదే మేలో నిలబడితే ఆ నేపథ్యమే దొరకదు. అందుకే చెయ్యి తిరిగిన ఫోటోగ్రాఫర్లు ముందురోజు సాయంత్రం ఓసారి వెళ్లి సూర్యుడు ఎక్కడ దిగుతున్నాడో చూసి వస్తారు.

పొడి నుంచి బటన్‌ దాకా

ఫ్లాష్‌కి పెద్ద చరిత్రే ఉంది. 1887లో జర్మనీలో మెగ్నీషియం పొడిని భగ్గున మండించి ఫోటోలు తీసే పద్ధతి కనిపెట్టారు. వెలుగుతోపాటు పొగ, బూడిద, అప్పుడప్పుడూ గాయాలు! 1930 ప్రాంతంలో గాజు బల్బులు వచ్చాయి. ఒక్కో ఫోటోకి ఒక్కో బల్బు కాలిపోయేది. 1930ల్లో అమెరికాకి చెందిన హెరాల్డ్‌ ఎడ్జర్టన్‌ ఎలక్ట్రానిక్‌ ఫ్లాష్‌కి దారి వేశారు. ఇప్పుడు అందరూ వాడుతున్నది ఆ వంశమే. సెకనులో వెయ్యో వంతు, అంతకన్నా తక్కువ సమయంలోనే పని ముగించేస్తుంది.

మన పెళ్లిళ్లలోకి ఫ్లాష్‌ వచ్చిన రోజుల్లో ఫోటోగ్రాఫర్‌ చేతిలో ఉండేది ఫిల్ము రీలు. ముప్ఫై ఆరు ఫోటోలు. ఎలా వచ్చాయో కడిగితేగానీ తెలియదు. తాళి కట్టే క్షణం మళ్లీ రాదు. దాంతో అందరూ ఒకటే సూత్రం పట్టుకున్నారు. షట్టర్‌ ఒక అంకె దగ్గర, అపెర్చర్‌ ఒక అంకె దగ్గర కదలకుండా పెట్టేసి, ఫ్లాష్‌ని ముఖాల మీదికి సూటిగా కొట్టడమే. వెనక ఏమైపోయినా సరే, ముఖాలు వస్తే చాలు! అప్పటి పరిస్థితుల్లో అది తెలివైన పద్ధతే. వేలాది కుటుంబాల జ్ఞాపకాలు నిలిచింది దానివల్లే. కానీ ఫిల్ము పోయింది, కెమెరాలు మారాయి, తీసిన ఫోటో వెంటనే చూసుకునే వీలొచ్చింది. పాత సూత్రం మాత్రం కొన్నిచోట్ల ఇంకా అలాగే ఉండిపోయింది.

కాలువ నీరు... బిందెడు నీళ్లు

అసలు కిటుకు ఒక్కటే. దాన్ని డెల్టా రైతుకి చెప్పినంత తేలికగా ఇంకెవరికీ చెప్పలేం.

పొలానికి తూము తెరిచారు. కాలువ నీరు పారుతోంది. తూము ఎంతసేపు తెరిచి ఉంచితే అన్ని నీళ్లు. ఆ మధ్యలో ఎవరో వచ్చి ఒక్క బిందెడు నీళ్లు గుమ్మరించి వెళ్లారు. తూము ఒక నిమిషం తెరిచినా, పది నిమిషాలు తెరిచినా కాలువ నీటిలో తేడా వస్తుంది. బిందెడు నీళ్లు మాత్రం బిందెడే.

కెమెరాలో తూము తెరిచి ఉంచే సమయమే షట్టర్‌ వేగం. కాలువ నీరు... ఆకాశం నుంచి, నది నుంచి వచ్చే సహజమైన వెలుతురు. బిందెడు నీళ్లు... ఫ్లాష్‌. అది రెప్పపాటు కంటే ముందే వచ్చి వెళ్లిపోతుంది కాబట్టి షట్టర్‌ ఎంతసేపు తెరిచి ఉన్నా దానికి పట్టదు. అంటే షట్టర్‌ వేగాన్ని మారిస్తే వెనక ఆకాశం మారుతుంది, ఫ్లాష్‌ పడిన ముఖం పెద్దగా మారదు. ఇక అపెర్చర్‌ అంటే తూము వెడల్పు. కెమెరాలోకి వచ్చే వెలుతురంతా దాన్ని దాటుకునే రావాలి. కాబట్టి దాన్ని కదిలిస్తే ఆకాశమూ, ముఖమూ రెండూ మారతాయి. ఐఎస్‌ఓ కూడా అంతే.

ఈ ఒక్క ముక్క అర్థమైతే మిగతాదంతా సులువే. మీ చేతిలో రెండు పగ్గాలున్నాయి. ఆకాశానికి ఒకటి, ముఖానికి ఒకటి!

వరస తప్పొద్దు

చేయాల్సిన పనులు నాలుగే. కాకపోతే వరస ముఖ్యం.

మొదట ఫ్లాష్‌ ఆపేయండి. కెమెరాని మాన్యువల్‌లో పెట్టి ఐఎస్‌ఓ 100, షట్టర్‌ 1/200 దగ్గర ఉంచి, ఆకాశం మీ కంటికి కనిపించినంత రంగులో వచ్చేదాకా అపెర్చర్‌ సర్దండి. రంగు ఇంకాస్త చిక్కగా కావాలంటే ఒక స్టాప్‌ తగ్గించండి. స్టాప్‌ అంటే వెలుతురు సగమవడమో, రెట్టింపవడమో.

రెండోది... ఇప్పుడు ముఖం నల్లగా కనిపిస్తుంది. కంగారు పడొద్దు. నల్లగానే ఉండాలి.

మూడోది... ఫ్లాష్‌ వెలిగించండి. కెమెరా నెత్తిమీద కాకుండా, వీలైతే విడిగా స్టాండు మీద, మనిషికి నాలుగైదు అడుగుల దూరంలో, ఓ పక్కగా, కళ్ల కంటే కాస్త ఎత్తులో పెట్టండి. ముందు తక్కువ బలంతో మొదలుపెట్టి, ముఖం సహజంగా కనిపించేదాకా పెంచుతూ వెళ్లండి. అక్కడ ఆగిపోవాలి. ఫ్లాష్‌ వాడినట్టు తెలియకపోతే అది సరిగ్గా కుదిరినట్టు.

నాలుగోది... పొద్దు వాలుతున్నకొద్దీ ఆకాశం మసకబారుతుంది. షట్టర్‌ని మాత్రం 1/125, 1/60 అంటూ నెమ్మదిగా తగ్గించుకుంటూ రండి. ముఖం అలాగే ఉంటుంది, ఆకాశం మళ్లీ వెలుగుతుంది.

ఫ్లాష్‌ బలాన్ని కెమెరాకే వదిలేసే ఆటోమేటిక్‌ పద్ధతి కూడా ఉంది. తొందర్లో అది బాగానే పనికొస్తుంది. కాకపోతే వరుడి తెల్లపంచె, వధువు జరీ చీర మెరుపు చూసి అది మోసపోతుంది. ‘అబ్బో, వెలుతురు ఎక్కువైంది’ అనుకుని ఫ్లాష్‌ తగ్గించేస్తుంది. నల్ల సూటు చూస్తే అందుకు విరుద్ధం. ఫ్లాష్‌ని ప్లస్సు, మైనస్సుల్లో సవరించే మీట ఉన్నది అందుకే.

మధ్యాహ్నం ఫ్లాష్‌కి ఆయాసం

వరస తెలిసింది కదా అని మిట్టమధ్యాహ్నం ఘాటుకి వెళితే చిక్కే. నిండు ఎండలో ఐఎస్‌ఓ 100, షట్టర్‌ 1/200 పెడితే అపెర్చర్‌ ఎఫ్‌11 దాకా మూయాల్సి వస్తుంది. అంత చిన్న సందులోంచి ముఖానికి సరిపడా వెలుతురు పంపాలంటే ఫ్లాష్‌ పూర్తి బలం పెట్టాలి. గైడ్‌ నంబరు 40 ఉన్న మంచి ఫ్లాష్‌ కూడా ఎఫ్‌11 దగ్గర సూటిగా చేరగలిగేది మూడున్నర మీటర్లకే. గొడుగు తగిలిస్తే ఆ దూరం దాదాపు సగానికి పడిపోతుంది.

‘అయితే షట్టర్‌ వేగం పెంచేస్తే పోలా?’ అనిపిస్తుంది. అక్కడో కట్టుబాటు ఉంది. చాలా కెమెరాల్లో షట్టర్‌ అంటే ఒకదాని వెనక ఒకటి కదిలే రెండు తెరలు. ఒక హద్దు దాకా, అంటే సాధారణంగా 1/200 లేదా 1/250 దాకా, రెండు తెరల మధ్యా మొత్తం ఫ్రేము ఒక్క క్షణమైనా తెరుచుకుంటుంది. ఆ హద్దు దాటితే సన్నని సందు మాత్రమే జరుగుతూ పోతుంది. అప్పుడు ఫ్లాష్‌ వెలిగితే ఫోటోలో కొంతభాగానికే అంది, మిగతాచోట నల్లని పట్టీ పడుతుంది. హైస్పీడ్‌ సింక్‌ ఉన్న ఫ్లాష్‌లు ఈ ఇబ్బందిని దాటిస్తాయి కానీ, బలాన్ని బాగా తినేస్తాయి.

దూరం లెక్క కూడా మరిచిపోకూడదు. ఫ్లాష్‌ని నాలుగు అడుగుల నుంచి ఎనిమిది అడుగులకి జరిపితే వెలుతురు సగం కాదు, పావు వంతే మిగులుతుంది. అందుకే ఫ్లాష్‌ బలం చాలనప్పుడు ఇంకోటి కొనేముందు రెండడుగులు దగ్గరికి జరపండి. ఖర్చు లేని పని!

అన్నిటికన్నా మంచి ఉపాయం... ఆ సమయంలో ఎండలో నిలబెట్టకపోవడం. రావిచెట్టు నీడ, గుడి మండపం అంచు, ఉండవల్లి గుహల వరండా లాంటి చోట మనిషి నీడలో ఉంటే ముఖం మీద గుంటలు పడవు. సూర్యుడు కాస్త వాలాక వీపు సూర్యుడి వైపు తిప్పి నిలబెడితే ఎండ జుట్టు అంచుల మీద వెండి గీతలా మెరుస్తుంది. ముఖాన్ని ఫ్లాష్‌ చూసుకుంటుంది.

ఇరవై నిమిషాల పండగ

సూర్యుడు దిగిపోయాక ఆకాశంలో మిగిలే సంజవెలుగే ఫోటోగ్రాఫర్ల బంగారం. విదేశీ పుస్తకాలు చదివి, ఆ వెలుగు చాలాసేపు ఉంటుందనుకుంటే మోసపోతాం. ఐరోపాలో ఎండాకాలం అది నలభై నిమిషాలు దాటినా ఉంటుంది. మన దగ్గర సూర్యుడు ఏటవాలుగా కాక దాదాపు నిట్టనిలువుగా దిగిపోతాడు. ఇరవై, ఇరవై అయిదు నిమిషాల్లో చీకటి ముసిరేస్తుంది. అలంకరణ, నగలు, చీర కుచ్చిళ్ల సర్దుబాట్లు అన్నీ అంతకుముందే అయిపోవాలి. ‘ఒక్క నిమిషం’ అని అత్తయ్యో, పిన్నమ్మో లోపలికి వెళితే ఆ రోజుకి ఆకాశం అయిపోయినట్టే!

ఇంకో చిక్కు రంగుది. ఫ్లాష్‌ వెలుగు మధ్యాహ్నపు ఎండలా తెల్లగా ఉంటుంది. సంధ్యవేళ ఎండ బంగారు రంగు. వెనక బంగారం, ముందు తెలుపు... ఆ జంటని ఎక్కడి నుంచో కత్తిరించి తెచ్చి అతికించినట్టు ఉంటుంది. దానికి విరుగుడు పలుచని నారింజ రంగు జెల్‌ కాగితం. ఫ్లాష్‌ ముందు అంటిస్తే ఆ వెలుగు కూడా అదే సాయంత్రానిది అనిపిస్తుంది.

ఘాట్ల దగ్గర ఒక్క జాగ్రత్త. నది మీది గాలికి గొడుగు తగిలించిన స్టాండు ఇట్టే పడిపోతుంది. కాళ్లకి ఇసుక సంచి కట్టండి, లేదా ఒక మనిషిని పట్టుకోమనండి. తడిసిన మెట్ల మీద పట్టుచీరతో వెనక్కి నడవమని ఎవరినీ అడగొద్దు. బ్యారేజీ రోడ్డు మీద వాహనాల మధ్య ఫోటోల సరదా అసలే వద్దు.

చామనచాయకి సున్నమెందుకు?

ఇదంతా సాంకేతిక గొడవలా అనిపించొచ్చు. కానీ దీని వెనక ఓ మనసు సంగతి ఉంది. ‘అమ్మాయి తెల్లగా రావాలండీ’ అన్న మాట ఫోటోగ్రాఫర్లకి కొత్త కాదు. ఎదురుగా నిలబడి గట్టిగా ఫ్లాష్‌ కొడితే ఆ కోరిక సులువుగానే తీరుతుంది. పైగా మన ఉక్కపోతకి చెమట పట్టిన నుదురు అద్దంలా మెరిసి, ఉన్న రంగు కూడా ఎగిరిపోతుంది. పసుపు రాసిన బుగ్గల్లో పసుపు కనిపించదు. పారాణి రంగు వెలిసిపోతుంది. చామనచాయ అమ్మాయి ఫోటోలో ఇంకెవరో అయిపోతుంది. పదేళ్ల తర్వాత ఆల్బమ్‌ తిరగేస్తూ ‘ఇది నేనేనా?’ అనుకునే పరిస్థితి ఎందుకు తేవాలి?

ముదురు రంగు చర్మానికి ఫోటోలో అందం తెచ్చేది వెలుగు పరిమాణం కాదు, పరుచుకునే తీరు. చిన్న ఫ్లాష్‌ సూటిగా కొడితే చుక్కలా ఒకచోట మెరుస్తుంది. అదే వెలుగుని తెల్ల గొడుగులోంచో, సాఫ్ట్‌బాక్స్‌లోంచో పక్కనుంచి పంపితే చెంప మీద మెత్తగా పరుచుకుంటుంది. చర్మం నిగారింపు, ముఖం తీరు కనిపిస్తాయి. ముందుగా జేబురుమాలుతో నుదురు ఒత్తుకుంటే ఇంకా మంచిది.

సినిమావాళ్లు ఈ సంగతి ఎప్పుడో పట్టుకున్నారు. అవుట్‌డోర్‌ షూటింగుల్లో వెండి కాగితం అంటించిన పలకలు పట్టుకుని నిలబడే కుర్రాళ్లు గుర్తున్నారా? సూర్యుడిని నటుడి ముఖం మీదికి తిప్పడమే వాళ్ల పని. బాపు దర్శకత్వంలో 1975లో వచ్చిన ‘ముత్యాల ముగ్గు’కి ఛాయాగ్రాహకుడు ఇషాన్‌ ఆర్య. ఆ సినిమాకి ఆయన జాతీయ పురస్కారం అందుకున్నారు. మనుషులతోపాటు వాళ్లు నిలబడిన చోటుకీ, ఆ వేళకీ ఫ్రేములో చోటివ్వడం ఎలాగో తెలుసుకోవాలంటే ఆ సినిమా మళ్లీ చూడొచ్చు.

ఫ్లాష్‌ లేకపోతే?

ఫ్లాష్‌ లేనివాళ్లు నిరాశపడక్కర్లేదు. పెద్ద థర్మకోల్‌ షీటు, లేదా ఇద్దరు పట్టుకున్న తెల్లపంచె చాలు. ఎండని ముఖం వైపు మళ్లిస్తే కళ్ల కింద నీడలు సగం పోతాయి. ఇప్పటి ఫోన్లు వేర్వేరు వెలుతురుల్లో చకచకా కొన్ని ఫోటోలు తీసి, కలిపి ఒకటిగా చూపిస్తున్నాయి. ఆకాశాన్నీ ముఖాన్నీ కొంతవరకు కాపాడేది అదే. కానీ ఫోన్‌ వెనక ఉండే చిన్న ఎల్‌ఈడీకి ఎండతో పోటీపడే బలం లేదు. కాబట్టి ఫోన్‌తో తీసేటప్పుడు ముఖాన్ని వెలుతురు వైపు తిప్పడమే ఉత్తమం.

నేర్చుకోవాలనుకునేవాళ్లకి బెజవాడలో ఓ మంచి మోడల్‌ దొరుకుతుంది. కొండపల్లి బొమ్మ! సాయంత్రం డాబా మీద పిట్టగోడపై నిలబెట్టి, వెనక ఆకాశం ఉండేలా చూసుకుని పైన చెప్పిన నాలుగు పనులూ చేయండి. బొమ్మ కదలదు, విసుక్కోదు, తెల్లగా రావాలని అడగదు. దాని రంగులు మీకు ముందే తెలుసు కాబట్టి ఫ్లాష్‌ ఎక్కువైతే ఇట్టే దొరికిపోతుంది. వారం రోజులు అలా చేస్తే చేతికి లెక్క వచ్చేస్తుంది.

బేరానికి ముందు అడగండి

పెళ్లికి ఫోటోగ్రాఫర్‌ని మాట్లాడుకునేటప్పుడు ఎన్ని ఫోటోలు, ఎన్ని షీట్ల ఆల్బమ్‌, డ్రోన్‌ ఉందా లేదా అని అడుగుతాం. ఈసారి ఇంకో మాట కూడా అడగండి. సూర్యాస్తమయం వేళ ఆరుబయట తీసిన ఫోటోలు రెండు చూపించమనండి. వాటిలో మూడు విషయాలు గమనించండి. ఆకాశానికి రంగుందా? ముఖానికి దాని సొంత రంగుందా? చూడగానే అది ఏ ఊరో తెలుస్తోందా? మూడింటికీ అవుననిపిస్తే నిశ్చింతగా బయానా ఇచ్చేయొచ్చు.

పెళ్లినాటి చీర బీరువాలో పాతబడుతుంది. ఘాట్లు మారతాయి, నది ఒడ్డున కొత్త కట్టడాలు లేస్తాయి. 1957 నుంచి నీళ్లు ఆపుతూ, వదులుతూ ఉన్న బ్యారేజీ చుట్టూ ఊరే ఎంతో మారిపోయింది. రేపు మనవరాలు ఆ ఫోటో పట్టుకుని ‘ఇది ఎక్కడ అమ్మమ్మా?’ అని అడిగితే, చెప్పే పని అమ్మమ్మకి ఉండకూడదు. వెనకున్న కృష్ణే చెప్పాలి. ముందున్న ముఖం మాత్రం అమ్మమ్మదేనని పిల్ల తనంతట తానే పోల్చుకోవాలి!